మద్రాసు గొంతు

మొన్నామధ్య బెంగుళూరులో ఒక స్నేహితురాలి ఇంటికి వెళితే, ఆమె కోడలు నట్టింట్లో చాప వేసుకుని అనపగింజలు పితుకుతోంది. చలికాలం వచ్చిందంటే మా చిత్తూరు వైపు ఆడవాళ్లకు అంతకన్నా పెద్ద పని ఉండదు. కాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలిపోయి పప్పు చెంగున గిన్నెలోకి దూకుతుంది. ఒక పూట పులుసుకు చాలినంత పప్పు కావాలంటే ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. నేనూ ఊరుకోలేక ఆ అమ్మాయి పక్కన చతికిలబడ్డాను. వేళ్లకు ఆ పచ్చి వాసన అంటుకోగానే మా అవ్వ చెప్పిన ఒక సినిమా కథ గుర్తుకొచ్చింది. ఆ సినిమా అవ్వ చూడలేదు. అప్పటికి మా ఇంట్లో ఎవరమూ చూడలేదు. అయినా ఆ చలికాలమంతా అది మా వంటింట్లో రోజుకొక రకంగా ఆడుతూనే ఉండేది.

మాది బెల్లం మండీ. ముందు మండీ, వెనక ఇల్లు, రెంటికీ నడుమ సన్నటి వసారా. గానుగలు ఆడే కాలంలో తెల్లవారకముందే పల్లెల నుంచి బండ్లు వచ్చి వీధి పొడవునా నిలబడేవి. కొత్త బెల్లం వాసన, గోనెసంచుల వాసన, ఎద్దుల వాసన కలిసిపోయి మా బట్టలకూ జడలకూ పుస్తకాలకూ పట్టేసేవి. నేను తిరుపతిలో కాలేజీ హాస్టల్లో చేరిన కొత్తలో పెట్టె మూత తీస్తే చాలు, గదిలో పిల్లలు "పాయసం తెచ్చినావా మే?" అని అడిగేవాళ్లు. నాయన పొద్దున్నుంచీ మండీ అరుగు మీదే. బెల్లం అచ్చును విరవడం, విరిగిన చోట వాసన చూడటం, రవ్వంత నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకోవడం, ఆ తర్వాతే ధర చెప్పడం. మాట కూడా అంతే. విరిచి, వాసన చూసుకుని గానీ బయటికి వదిలేవాడు కాదు. మా అవ్వకు, అంటే నాయన వాళ్లమ్మకు, బెల్లం కాఫీ తప్ప వేరే కాఫీ కాఫీయే కాదు. చక్కెర కాఫీ ఆస్పత్రిలో తాగేదని ఆమె లెక్క. ధనుర్మాసంలో ఆమె అందరికన్నా ముందు లేచి, వాకిట్లో ముగ్గు పెట్టి, గడపకు పసుపు రాసి, ఇత్తడి చెంబులో కాఫీ పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చునేది. ఇక ఆ రోజు ఇంట్లో ఎవరు ఏం మాట్లాడుకున్నా ఆమెను దాటుకుని పోవలసిందే.

ఆ ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి మా సుగుణత్త, నాయన చెల్లెలు. ఆమె చేసే ఉద్యోగం మాత్రం మాట్లాడటమే. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో చిత్తూరు నుంచి మద్రాసుకు ఫోను చేయాలంటే నంబరు చెప్పి, కాల్ బుక్ చేసి, గంటల తరబడి కాచుకోవాలి. ఇక్కడ ఒక ఆపరేటరు, అక్కడ ఒక ఆపరేటరు లైను పట్టుకుని, తీగలు గుచ్చి, ఇద్దరు మనుషులను కలపాలి. అత్త లైను వినడానికి తలకు తగిలించుకునే ఇనుప పట్టీ వల్ల ఆమె కుడిచెవి ఎప్పుడూ ఎర్రగా ఉండేది. ఇంటికి రాగానే ఆ చెవికి కొబ్బరినూనె రాసుకుని గమ్మున కూర్చునేది. మాటలన్నీ అక్కడే ఖర్చయిపోయాయేమో అనిపించేది నాకు. ఒక పెళ్లి సంబంధం దాదాపు కుదిరింది. వాళ్లు ఉద్యోగం మానమన్నారు. అత్త మాననంది. నాయన ఒక రోజంతా ఆలోచించి, సంబంధం వద్దని వాళ్లకు కబురు పంపేశాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

అయితే అత్త గమ్మున కూర్చున్నప్పుడు ఏదో ఒక రాగం సన్నగా తీస్తూ ఉండేది. మా ఇంట్లో సంగీతం నేర్చినవాళ్లు ఎవరూ లేరు. యాడ నేర్చుకుందో అని అమ్మ కూడా ఆశ్చర్యపోయేది. అడిగితే ఒకసారి చెప్పింది, "మైథిలి పాడతాది కదా, లైను దొరికేదాకా."

మైథిలి ఎవరో అలా మాకు తెలిసింది. మద్రాసు ఎక్స్ఛేంజిలో చిత్తూరు లైను చూసే ఆపరేటరు. ఒక తుఫాను కాలంలో లైన్లు మాటిమాటికీ తెగిపోతుంటే, వీళ్లిద్దరూ "హలో చిత్తూరు", "హలో మద్రాస్" అని పిలుచుకుంటూ డ్యూటీ అంతా లైను నిలబెట్టారట. అప్పటి నుంచి స్నేహం. ఏళ్లు గడిచాయి. అత్తకు జలుబు చేస్తే మద్రాసులో ముందు తెలిసేది. మైథిలి వాళ్లింట్లో మాటంతా తెలుగే, వీధిలోకి వస్తే అరవం. మద్రాసులో ఏ వీధిలో నీళ్లు నిలబడ్డాయో, మల్లెపూలు ఎలా ఉన్నాయో అత్త మాకు చెప్పేది, తాను చూసి వచ్చినట్టు. కానీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఫోటో అయినా పంపుకోలేదు. ఆ సంగతి నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు.

"ఎట్లుంటాదత్తా ఆమె?" అని అడిగేదాన్ని.

"మాట బాగుంటాది," అనేది అత్త.

"మాట కాదు, మనిషి."

"ఏమో మే. నేనెప్పుడూ అడగలేదు."

అడగకుండా ఎలా ఉండగలిగిందో నాకు అర్థమయ్యేది కాదు. అవ్వ మాత్రం మైథిలి లావుగా ఉంటుందనీ, ముక్కుకు రెండు వైపులా రవ్వల బేసరులు పెట్టుకుంటుందనీ తేల్చేసింది. నా మైథిలి సన్నగా, పొడవు జడతో, మెట్లు గబగబా దిగే మనిషి.

ఆ ఏడు మద్రాసులో సంగీతానికీ సినిమాలకూ కలిపి ఒక పెద్ద ఉత్సవం చేస్తారని మైథిలే చెప్పింది. పగలు కచేరీలు, మధ్యాహ్నం దాటాక దేశదేశాల సినిమాలు. "నువ్వు రావాలి, నీ పక్కన కూర్చుని ఒక్క కచేరీ అయినా వినాలి" అని లైనులో పట్టుబట్టింది. కొన్నాళ్లకు టపాలో ఒక చిన్న పుస్తకం పంపింది. ఏ రోజు ఎవరి పాట, ఏ హాల్లో ఏ సినిమా, ఒక్కో సినిమా గురించి రెండు మూడు వాక్యాలు, అంతా ఇంగ్లీషులో. నేను సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. అత్త ఆ పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, "సదివి సెప్పు," అంది. ఆమెకు నంబర్ల ఇంగ్లీషు, కాల్ కలిపే ఇంగ్లీషు బాగా వచ్చు. పుస్తకం ఇంగ్లీషుకు మాత్రం నేను కావాలి.

అలా మొదలైంది. అనపగింజల గిన్నె నడుమ పెట్టుకుని అమ్మ, అవ్వ, అత్త కూర్చుంటే, నేను పుస్తకంలో నుంచి ఒక్కో సినిమా చదివి తెలుగులో చెప్పేదాన్ని. "ఒక ముసలి రైతు తన గుర్రాన్ని అమ్మడానికి సంతకు బయలుదేరతాడు. దారి పొడవునా మంచు." అంతే, ఇంకేమీ లేదు.

"మంచంటే? మన కొండ మీద పడేటట్లా?" అంది అవ్వ.

"కాదవ్వా. గడ్డకట్టిన మంచు. ఐసు మాదిరి."

"ఐసు మీద గుర్రం ఎట్ల నడుస్తాదే? లాడాలు జారిపోవా? ఆ ముసిలోడికి బుద్ధుండాల్లే."

"కూతురి కాన్పేమో," అంది అమ్మ. "దుడ్లు కావాల్సొచ్చింటాది."

"కూతురుంటే సెప్పుంటారు కదా పుస్తకంలో," అంది అవ్వ. "పంట పోయింటాది. లేకుంటే ఇంట్లో తిరిగే గుర్రాన్ని ఎవురమ్ముతారు?"

మర్నాడు ఆ రైతుకు ఒక కొడుకు పుట్టుకొచ్చాడు, పేకాట కొడుకు. ఆ మర్నాడు గుర్రానికి ఒక కన్ను పోయింది. కన్ను పోయిన సంగతి దాచి ఎలా అమ్మాలని ముసలాయన దారి పొడవునా మథనపడుతున్నాడని అవ్వ చెబుతుంటే, అమ్మ పప్పు పితకడం ఆపి వినేది. పుస్తకంలో ఇంకా చాలా సినిమాలు ఉన్నాయి. దీపస్తంభం కాపలాదారు ఒకడు, రొట్టెల కొట్టు పెట్టుకున్న అక్కచెల్లెళ్లు, ఎవరో ఒక బడిపంతులు. అన్నీ వంటింట్లో నాలుగు రోజులాడి వెళ్లిపోయాయి గానీ గుర్రం ముసలాయన మాత్రం పోలేదు. అత్త ఆ కథలన్నీ మోసుకుపోయి డ్యూటీలో మైథిలికి చెప్పేది. సాయంత్రం ఇంటికి వచ్చి, "మైథిలి సెప్పమంది. గుర్రాన్ని కొనే మనిషి మంచోడైతే బాగుంటాదంట," అనేది. అవ్వ కాసేపు ఆలోచించి, "సరే, మంచోణ్ణే పెడదాం," అనేది.

ప్రయాణం మాట అత్త తానే ఎత్తింది, నాయన అన్నానికి కూర్చున్నప్పుడు.

"అన్నా, మద్రాసుకి పోవాలనుకుంటా ఉండా. వనజను తోడు తీసుకుపోతా," అంది నన్ను చూపిస్తూ.

నాయన మజ్జిగ పోసుకున్నాడు. "బెల్లం కాలం. నేను కదిలేదానికి లేదు."

"నువ్వు రావాల్సిన పనిల్యా."

"ఎవురో మొగం తెలియని మనిషి పిలిచిందని ఇద్దరాడోళ్లు అంత ఊరికి పోతారా?"

అత్త చేతిలో గరిటె పట్టుకుని నిలబడింది. తర్వాత నెమ్మదిగా అంది, "మొగం తెలీదు గానీ, మనిషి తెలుసన్నా."

నాయన చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. అత్త తీసే రాగం ఆ సాయంత్రం ఇంట్లో వినిపించలేదు. పోలేమేమో అనుకున్నాను. నాకు కచేరీల మీద పెద్ద ఆశ లేదు; పాటలు లేని సినిమా ఎలా ఉంటుందో చూడాలని ఒక ఆశ, మైథిలిని చూడాలని అంతకన్నా పెద్ద ఆశ. రెండు రోజుల తర్వాత నాయన తెల్లచొక్కా తొడుక్కుని, కొత్వాల్ చావడి బజారులో బెల్లం బాకీల పని ఉందంటూ మద్రాసు బస్సెక్కాడు. బెల్లం కాలంలో ఆయన మండీ వదిలి వెళ్లడం నేను చూడటం అదే మొదలు. కదిలేదానికి లేదన్న మనిషి కదిలాడేమిటని అమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ కాఫీ చెంబులోకి చూసుకుంటూ, "పోయి రానీ," అంది.

తిరిగి వచ్చిన రోజు కాళ్లు కడుక్కుని, అన్నం తిని, ఆకు వక్క వేసుకున్నాక గానీ నోరు విప్పలేదు. ఆ తర్వాత మాత్రం నా జ్ఞాపకంలో ఆయన ఒకే ఊపున అంతసేపు మాట్లాడింది అదొక్కసారే. ఆయన పోయింది హాలు చూడటానికి. ముందు వాకిలి వెడల్పుగా ఉంది, పక్కన ఇంకొకటి ఉంది, తొక్కిసలాట అయితే దారి ఉంది. ఆడవాళ్లకు వేరే వరసలు ఉన్నాయి. ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకు గడియ సరిగా పడుతుందో లేదో కాపలా మనిషిని అడిగి మరీ చూపించుకున్నాడట. క్యాంటీనులో నెయ్యి మంచిదే వాడుతున్నారు, వాసన చూశాడు. ఉండటానికి కొత్వాల్ చావడిలో తన దగ్గర సరుకు కొనే చెట్టియారు ఇల్లు ఉంది, ఆయన భార్యతో మాట్లాడి వచ్చాడు.

"ఉత్సవం ఇంకా మొదలుగాలే. పందిట్లో ఒకాయన కూర్చోని మద్దెల సరిచేసుకుంటా ఉండాడు," అన్నాడు చివరికి. "రవ్వ కొడతాడు, చెవి పెట్టి ఇంటాడు. మళ్లీ రవ్వ కొడతాడు. సుట్టూ కొయ్యలు దిగ్గొడతా ఉండారు, మనుషులు అరస్తా ఉండారు, ఆయనకేమీ పట్టలే. నేనాడే కూర్చోని సూస్తా ఉండిపోతి. నేను బెల్లం సూసినట్లే సూస్తా ఉండాడప్పా ఆ మనిషి." అత్త వైపు చూడకుండానే అన్నాడు, "అట్లాంటోళ్లుండే తావకి పంపొచ్చు."

అత్త ఆ రోజు కొబ్బరినూనె రాసుకోవడం మరిచిపోయింది.

కాట్పాడిలో రైలెక్కి మద్రాసు చేరాం. అవ్వ కట్టించిన బెల్లం, అమ్మ చేసిన పితికిపప్పు పొడికూర మైథిలి కోసం నా ఒళ్లో ఉన్నాయి. ఒకరినొకరు ఎలా గుర్తుపట్టాలని నేను అడిగితే, ఫలానా రంగు చీర కట్టుకుంటానని ఇద్దరూ చెప్పుకోలేదని తెలిసి నాకు దిగులు పట్టుకుంది. "గొంతు తెలుసు కదా," అంది అత్త తేలిగ్గా. కానీ హాలు ముందు రిక్షా దిగాక ఆ పట్టుచీరలూ కార్లూ ఆ జనం చూసి ఆమె మొహంలో ఆ తేలిక పోయింది. అంతమందీ ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరి గొంతు ఎవరిదని తెలుస్తుంది? క్యాంటీను పక్కన వసారాలో ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాం. పోయేవాళ్లలో ప్రతి ఆడమనిషినీ నేను చూశాను. సన్నగా, పొడవు జడతో ఎవరు కనబడినా ఈమేనేమో అనుకునేదాన్ని. అత్త ఎవరినీ చూడలేదు. తల కొంచెం వంచి, కుడిచెవి జనం వైపు తిప్పి నిలబడింది.

కాసేపటికి ఉన్నట్టుండి నా చేయి వదిలించుకుని జనంలోకి నడిచింది. క్యాంటీను ముందు ఒకామె మాకు వీపు పెట్టి నిలబడి, చక్కెర తక్కువగా ఒక కాఫీ ఇమ్మని అరవంలో అడుగుతోంది. అత్త ఆమె వెనక నిలబడి, డ్యూటీలో అనే గొంతుతో అంది, "హలో మద్రాస్."

ఆమె కాఫీ గ్లాసుతో వెనక్కి తిరిగింది. పొట్టి మనిషి. మందపాటి కళ్లద్దాలు, సగానికి పైగా నెరిసిన జుట్టు, చంకలో గొడుగు, భుజాన ఆఫీసు సంచీ. అత్తకన్నా చాలా పెద్దది. అవ్వ మైథిలీ కాదు, నా మైథిలీ కాదు.

"చిత్తూరా?" అందామె. ఆ గొంతు మాత్రం పదహారేళ్ల పిల్లది.

ఆ తర్వాత ఏం జరుగుతుందని నేను కాచుకున్నానో అది జరగలేదు. ఇద్దరూ అలా నిలబడిపోయారు. మైథిలి అత్త మొహం చూసి, వెంటనే గ్లాసులోకి చూసింది. "ఇంత పొడుగా?" అంది. అత్త నవ్వబోయి, "ప్రయాణం బాగానే జరిగిందక్కా. మీరు శానాసేపైందా వచ్చి?" అంది. అక్కా, మీరు! ఏళ్ల తరబడి లైనులో 'ఏమే' అంటే 'ఏమే' అనుకున్న మనుషులు. మైథిలి కూడా వెంటనే "మీరు" లోకి దిగింది. మీరు కాఫీ తీసుకుంటారా, వద్దండీ, మీ అన్నగారు కులాసానా. నేను ఆమెకు మూట అందిస్తే, "ఎందుకివన్నీ శ్రమ," అంది, చుట్టాలతో అన్నట్టు.

కచేరీలో ముగ్గురం వరసగా కూర్చున్నాం. పెద్ద విద్వాంసుడే పాడుతున్నాడు. చుట్టూ అందరూ తొడల మీద తాళం వేస్తున్నారు. ఒక కీర్తన మొదలైనప్పుడు అత్త ఉలిక్కిపడి మైథిలి వైపు తిరిగింది, ఏదో అడగబోయి మళ్లీ స్టేజి వైపే చూసింది. ఆ పక్క మైథిలి గొడుగు పిడిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇంటర్వెల్లులో ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ బాగుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. దాని తర్వాత మాట లేదు. చేతులు కడుక్కునే దగ్గర అత్త నాతో మెల్లగా అంది, "రాకుండా ఉండాల్సింది మే. ఇప్పుడు లైనులో కూడా మాట్లాడలేనేమో." ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు భయం వేసింది. ఇంత దూరం వచ్చి ఉన్నదాన్ని పోగొట్టుకుని వెళ్తామా అనిపించింది. మనిషిని చూడటం అంటే ఇంకొంచెం దగ్గరవడం అనుకున్నాను నేను. ఇలా కూడా జరుగుతుందని నాకెవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం గుర్రం సినిమా. దాన్ని వదిలి వెళ్లడం ఎవరికీ మనసొప్పలేదు. అవ్వకు జవాబు చెప్పాలి కదా! వేరే హాలు, చిన్నది, జనం పలచగా ఉన్నారు. దీపాలు ఆరిపోయాయి. తెల్లటి మంచు, నల్లటి కోటు వేసుకున్న ముసలాయన, పక్కన గుర్రం. రెండు కళ్లూ ఉన్నాయి దానికి. ముసలాయన ఏదో అన్నాడు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడి, నేను పూర్తిగా చదివేలోపే పోయాయి. నాకే అందలేదంటే అత్తకు ఏం అందుతుంది! చీకట్లోనే మైథిలి అత్త వైపు ఒరిగి, ఆమె కుడిచెవి దగ్గర మెల్లగా అంది, "ముందు నువ్వు నడువు, దారి నీకే బాగా తెలుసు అంటున్నాడు."

అత్త తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "ఎవురితో?"

"గుర్రంతో."

"గుర్రంతోనా! ఏమంటాది?"

"ఏమంటుంది? గుర్రం కదే."

ఆ 'కదే' విని నేను పక్కకు తిరిగి చూశాను. తెర వెలుగులో ఇద్దరి మొహాలూ నిటారుగా ముందుకే ఉన్నాయి. మాట మాత్రం సాగుతోంది. ముసలాయన ఏం చెప్పాడో మైథిలి చెబుతోంది, అత్త 'ఎందుకంట' అంటోంది, మైథిలి 'ఆగు, చెప్తాను కదా' అంటోంది. కాసేపటికి సినిమా మాటలు అయిపోయి వేరే మాటలు దొర్లాయి. మీ సూపర్వైజరు సెలవు ఎలా ఇచ్చింది, నా డ్యూటీ ఎవరు చూస్తున్నారో తెలుసా, ఆ జలుబు తగ్గిందా నీకు. వెనక నుంచి ఎవరో 'ష్' అన్నారు. ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నారు. వెంటనే మళ్లీ మొదలుపెట్టారు. ఆ సినిమాలో పాటలు లేవు, మాటలూ తక్కువే. అయినా నాకు పూర్తిగా గుర్తుంది, ఎందుకంటే సగం తెర మీద చూశాను, సగం మైథిలి గొంతులో విన్నాను.

దీపాలు వెలిగాక మళ్లీ ఇద్దరూ చెప్పుల కోసం వెతుక్కున్నట్టు కిందికి చూశారు. మాట ఆగిపోబోయింది. అప్పుడు మైథిలి గొడుగు చంకన పెట్టుకుని, "బీచికి పోదామా?" అంది.

ఇసుకలో సముద్రం వైపు తిరిగి కూర్చున్నాం, నేను కొంచెం ఎడంగా. గాలికి మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. పొద్దున మైథిలి మా కన్నా ముందే వచ్చిందట. రోడ్డు అవతల నిలబడి, స్తంభం దగ్గర ఉన్న మమ్మల్ని చూసిందట. ఆ పొడుగు మనిషే సుగుణ అయితే నన్ను చూసి ఏమనుకుంటుందో అని వెనక్కి పోబోయి, కాఫీ తాగితే ధైర్యం వస్తుందని క్యాంటీనుకు వచ్చిందట. "నేను చిన్నపిల్లననుకున్నావు కదూ?" అని అడిగింది.

"అనుకున్నా," అంది అత్త సముద్రంతో. "ఇప్పుడు కూడా ఇటు తిరక్కుంటే సిన్నపిల్లే."

మైథిలి నవ్వింది. తర్వాత చాలాసేపు చెప్పింది. చిన్నప్పుడు పాట నేర్చుకున్నదట, స్టేజి ఎక్కించాలని గురువు గారు అనుకునే సమయానికి తండ్రి పోతే ఉద్యోగంలో చేరవలసి వచ్చిందట. ఇంట్లో పాడితే తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుందని మానేసిందట. "లైను కలిసేలోపే నా కచేరీ," అంది. "వినేదానివి నువ్వొక్కదానివే."

"పొద్దున ఆయన పాడినాడు చూడు, నేను ఉలిక్కిపడితి. అది నువ్వు పాడేదే కదా, వాన పడి లైను దొరకనప్పుడు?"

"మోహన."

"దాని పేరు మోహనా? నాకు తెలీదు. మా ఇంట్లో వానకాలం రాగమంటాము."

పాడమని అత్త అడగలేదు. మైథిలి తానే మొదలుపెట్టింది, మెల్లగా, సముద్రాన్ని చూస్తూ. సగం గాలికి పోయింది. మిగతా సగం అత్తకు దక్కింది. నాకు అక్కడక్కడా ఒక స్వరం అందింది. అంత పెద్ద ఊళ్లో ఆ వారమంతా ఎందరెందరో పాడారు, మేమూ కొందరిని విన్నాం. వాళ్లలో ఒక్కరి పాటా ఇప్పుడు నాకు జ్ఞాపకం లేదు.

ఇంటికి రాగానే అవ్వ చెంబు పక్కన పెట్టి, "అమ్మినాడా?" అంది.

"లేదవ్వా. సంత దాకా పోతాడు. గుర్రాన్ని అందరూ చూస్తారు, బేరమాడతారు. ఈయన దాన్ని తోలుకుని ఇంటికొచ్చేస్తాడు. అంతే."

"అమ్మకుండా వచ్చినాడా? మరి అంత ఐసులో యాడికి పోయినట్లు?" అవ్వ మా అమ్మ వైపు, అత్త వైపు చూసింది. మళ్లీ జవాబు తానే చెప్పుకుంది, "ఊరికే దాంతో నడిసొద్దామని పోయింటాడులే, ముసిలోడు. ఇంట్లో అయితే ఏం మాట్లాడతాడు దాంతో!"

ఆ తర్వాత కొన్నేళ్లకు నేరుగా నంబరు తిప్పుకునే ఫోన్లు వచ్చాయి. కాల్ కలిపే మనుషుల అవసరం పోయింది. అత్తను ఫిర్యాదులు రాసుకునే సీటుకు మార్చారు. ఆమె చెవి ఎరుపు తగ్గింది. ఇప్పుడు ఎవరైనా సినిమా ఉత్సవానికి పోవాలంటే ఒక్కో సినిమాలోంచి రుచికి ఇంత ముక్క ముందే చూస్తారు, ఎలా ఉందో నలుగురు చెప్పింది చదువుతారు, హాల్లో ఏ కుర్చీ కావాలో వేలితో తాకి తీసుకుంటారు. నేనూ అదే చేస్తాను, సుఖంగానే ఉంది. మేము రెండు వాక్యాల మీద చలికాలమంతా బతికాం. ఆ రెండు వాక్యాల్లో పేకాట కొడుకును, ఒంటికన్ను గుర్రాన్ని పెట్టుకోవడానికి చోటుండేది. తెలియకపోవడం గొప్పదని నేను అనను. మైథిలి ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉంటే అత్తకు ఆ పొద్దుటి కన్నీళ్లు తప్పేవి. కానీ ఫోనులో ఎదుటి మనిషి మొహం చూస్తూ, ఆ మూల చిన్న గడిలో నా మొహాన్ని నేనే చూసుకుంటూ మాట్లాడేటప్పుడు, చెప్పాలనుకున్నది చెప్పకుండానే పెట్టేస్తున్నానని చాలాసార్లు అనిపిస్తుంది. ఇది నా ఒక్కదాని చేతకానితనమో, అందరికీ ఇంతేనో తెలుసుకోవాలని ఉంది. ఎవరిని అడగాలో తెలియదు.

మైథిలి రిటైరైన ఏడు తిరుపతి వచ్చింది. నేను అప్పటికి అక్కడే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. రాకముందు, నేను సెలవుకు చిత్తూరు వెళ్లి ఉన్నప్పుడు, మా ఇంటి ఫోనుకే చేసి అత్తతో అంది, నాకూ వినబడింది, "బస్సు వద్దే. నడిచి ఎక్కుదాం. నడిస్తే ఇద్దరం ముందుకే కదా చూడాలి!" అత్త చిత్తూరు నుంచి, ఆమె మద్రాసు నుంచి వచ్చి, తెల్లవారుతుండగా అలిపిరి దగ్గర కలుసుకున్నారు. కలుసుకున్నప్పుడు మళ్లీ అదే తంతు. బాగున్నారా, బాగున్నాను, మీరు చిక్కినట్టున్నారు. నేను కాలేజీకి పోవాలి, పాదాల మండపం దాకా దిగబెట్టి ఆగిపోయాను. వాళ్లు మెట్లు మొదలుపెట్టారు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి, పొట్టి మనిషి చంకలో గొడుగు. కొన్ని మెట్లు గమ్మునే ఎక్కారు. తర్వాత అత్త చేయి గాలిలో ఏదో చెబుతూ లేచింది. మైథిలి తల అడ్డంగా ఆడించింది. ఇక ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారని వెనక నుంచే తెలుస్తోంది. మలుపు దగ్గర తిరిగి చూస్తారేమో, చేయి ఊపుదామని కాచుకున్నాను. వాళ్లు తిరిగి చూడలేదు.